పూలజడ ఎవరిది?

నిరుడు వైశాఖంలో మా ఊరి పెళ్లికి పోయినాను. ప్రొద్దుటూరు నుంచి రాజుపాలెం దాకా బస్సులో కూర్చుంటే రెండు పక్కలా నల్లరేగడి, శనగ కోసేసిన మోళ్లు. ఎండకు నేల నెర్రెలిచ్చి ఉంది. అట్లాంటి చోట మా పెదనాన్న మనవరాలి పెళ్లి పందిట్లోకి అడుగుపెడితే ఎవరో పూలతోటను ఎత్తుకొచ్చి ఇంటి ముందర దించినట్టుంది. దగ్గరికి పోయి చూస్తే తోటంతా ప్లాస్టిక్. గుండ్రటి ఇనుప చట్రానికి తెల్లగులాబీలు, వాటి వెనక నీలం రంగు సీరియల్ సెట్లు, గేటు దగ్గర థర్మోకోల్ నెమళ్లు. నిజం పూలు లేకపోలేదు, జెర్బెరాలు, ఆర్కిడ్లు ఐసు పెట్టెల్లో బెంగుళూరు నుంచి వచ్చినాయి. డెకరేషన్ కుర్రాళ్లు ఆరుగురు నిచ్చెనలెక్కి తీగలు బిగిస్తున్నారు. అందరూ మగపిల్లలే.

మా చిన్నమ్మ వెనక వసారాలో కూర్చుని పూలజడ కుడుతోంది.

ఆమెను ఈ వ్యాసంలో చిన్నమ్మ అనే పిలుస్తాను. ఇరవై ఎనిమిదేళ్లకు భర్త పోయినాడు. ఇప్పుడు అరవై దాటినాయి. నాకు తెలిసి మా ఇళ్లలో జరిగిన ప్రతి పెళ్లికీ పూలజడ ఆమెదే. పాత చీర అంచును నాలుగు మడతలేసి జడ పొడవుకు కత్తిరిస్తుంది. దాని మీద వరసకింత అని లెక్కేసుకుని మల్లెమొగ్గలు సూదితో కుడుతుంది. మధ్యలో కనకాంబరం గీత, అంచుకు మరువం. పొద్దున కోసిన మొగ్గ సాయంత్రానికి విచ్చుకుంటుంది కాబట్టి ఆలోపు పని ముగించాలి. విచ్చుకున్నాక సూది దిగితే రేకు చిరుగుతుంది. మొగ్గలన్నీ ఒకే సైజువి ఏరుకోవడానికే ఒక పూట పడుతుంది. దారం బిగిస్తే కాడ తెగుతుంది, వదులైతే పెళ్లికూతురు తల తిప్పినప్పుడల్లా మొగ్గలు రాలతాయి. ఈ బిగువు ఎంతో ఆమె వేళ్లకు తెలుసు. నేను నేర్చుకుందామని రెండుసార్లు కూర్చుని లేచిపోయినాను.

జడ పూర్తయినాక తడిగుడ్డలో చుట్టి పెడుతుంది. దాన్ని పెళ్లికూతురు గదిలోకి ఆమె తీసుకుపోదు. జడకు కట్టేది ఎవరైనా ముత్తైదువ. ఈసారి ఆ ముత్తైదువను నేను. "తీస్కపో అమ్మీ, ముహూర్తం దాటిపోతాది" అని ఆమే నా చేతిలో పెట్టింది. నేను తీసుకున్నాను, గదిలోకి పోయినాను, కట్టినాను. బాగుందని అందరూ నన్ను మెచ్చుకున్నారు. పాతికేళ్లుగా స్త్రీవాద సాహిత్యం పాఠం చెబుతున్నదాన్ని. జయప్రభ 'పైటను తగలెయ్యాలి' మీద తరగతిలో రెండేసి గంటలు మాట్లాడినదాన్ని. ఆ వసారాకూ ఆ గదికీ మధ్య ఉన్న పది అడుగుల్లో నా నోట ఒక్క మాట రాలేదు.

ఇంటికి వచ్చినాక ఆ పది అడుగుల గురించే ఆలోచిస్తూ నా పాత వ్యాసాలు తీసి చూసుకున్నాను. అలంకరణ మీద నేను రాసినదంతా అలంకరించుకునే స్త్రీ గురించే. పూలు, గాజులు, ముక్కుపుడక, పైట ఆడదాని ఒంటి మీద పితృస్వామ్యం వేసిన గుర్తులని రాసినాను. ఆ మాట నేనొక్కదాన్నే అనలేదు. 1990లో 'గురిచూసి పాడే పాట', 1993లో 'నీలి మేఘాలు' వచ్చిన కాలం మమ్మల్ని అట్లా చూడమని నేర్పింది. ఓల్గా 'రాజకీయ కథలు' స్త్రీ శరీరాన్ని ఒక్కొక్క భాగంగా తీసి, దాని మీద ఎవరి పెత్తనం నడుస్తోందో చూపించినాయి. ఆ చూపు లేకపోతే మేమెవరమూ ఈ మాత్రం రాసేవాళ్లం కాము. అందులో తప్పుందని ఇప్పుడు కూడా అనను. కానీ ఆ చూపు అద్దం ముందర ఆగిపోయింది. అద్దం ముందు కూర్చున్న ఆమె వెనక, సూదీ దారం పట్టుకుని ఇంకొకామె ఉంది. ఆమె మా వ్యాసాల్లోకి రాలేదు. పూలు సంకెళ్లని రాసినప్పుడు, ఆ పూలు కూడా దక్కని ఆడవాళ్లకు ఆ మాట ఎట్లా వినిపిస్తుందో మేం అడిగి చూడలేదు.

ఇక్కడ పి.సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథ మళ్లీ చదవాల్సి వచ్చింది. ఈ పత్రిక చదివేవాళ్లకు కథ చెప్పనక్కర్లేదు. ఇల్లు అలికి ముగ్గులు పెట్టి, అలికి ముగ్గులు పెట్టి, ఒకనాడు తన పేరు మరిచిపోయిన ఇల్లాలు. పిల్లలకు అమ్మ, పనిమనిషికి అమ్మగారు, పక్కింటావిడకు ఫలానా ఉద్యోగి భార్య. చివరికి చిన్ననాటి స్నేహితురాలు ప్రమీల ఎదురై "శారద" అని పిలిస్తే తప్ప ఆమెకు తాను దొరకదు. మూడు దశాబ్దాలుగా ఈ కథను ఇంటిచాకిరీలో కరిగిపోయిన అస్తిత్వానికి గుర్తుగా చదువుతున్నాం, చదివిస్తున్నాం. సరైన చదువే అది.

ఈసారి నా కన్ను ఇంకొక చోట ఆగింది. పేరుతో పాటు ప్రమీల గుర్తుచేసే వాటిలో చదువులో ఫస్టు రావడం, పాటల పోటీ, బొమ్మలు వెయ్యడం ఉన్నాయి. అంటే శారద చిత్రకారిణి. పెళ్లయినాక కూడా ఆమె గీస్తూనే ఉంది కదా, రోజూ, వాకిట్లో! ఆ గీత ముగ్గయింది కాబట్టి అది లెక్కలోకి రాలేదు. కాగితం మీద వేస్తే బొమ్మ, నేల మీద వేస్తే చాకిరీ. రెండింటికీ చెయ్యి ఒకటే. కథలో శారద కాగితం బొమ్మల వైపు తిరిగి చూసుకుంటుంది, ముగ్గును అలుకుగుడ్డతో కలిపి పక్కన పెడుతుంది. ఇది సత్యవతి గారి పొరపాటని నేననడం లేదు. అలికే పని శారదను మింగేసింది, దాన్నుంచి బయటికి రావడమే ఆ కథకు కావలసింది. కానీ విమర్శకులుగా మనం ఆ కథ దగ్గరే ఆగిపోయినాం. చాకిరీని కాదనే తొందరలో ఆ చాకిరీ లోపల దాక్కున్న కళను కూడా చెత్తతో పాటు ఊడ్చి బయట పోసినామేమో.

ఆలిస్ వాకర్ 1974లో రాసిన వ్యాసం ఒకటుంది, తల్లుల తోటలను వెతుక్కుంటూ పోవడం గురించి. అమెరికా దక్షిణాదిలో పొలం పనులు చేసి, పిల్లలను సాకి, ఊపిరాడని తన తల్లి పూలతోట వేసేదని, ఎంత పేద ఇంట్లో ఉన్నా దారిన పోయేవాళ్లు ఆగి ఆ తోట చూసేవాళ్లని ఆమె రాస్తుంది. రాయడం, బొమ్మలు వెయ్యడం అందుబాటులో లేని నల్లజాతి స్త్రీలు తమ సృజనను పాతగుడ్డల బొంతల్లో, పూలమొక్కల్లో దాచుకున్నారంటుంది. బానిసత్వాన్ని ఆమె తోట పేరుతో తీపి చెయ్యలేదు. ఆ రెండు మాటలూ ఒకే వ్యాసంలో చెప్పగలిగింది. మనం ఇంకా ఆ పని చెయ్యలేదు.

తెలుగులో పూల గురించి అందరికీ నోటికొచ్చే పద్యాలేవంటే కరుణశ్రీ 'పుష్పవిలాపం'. ఘంటసాల గొంతులో వినని తెలుగిల్లు లేదు. పూజకు పూలు కోయబోయిన కవితో పూలు మొరపెట్టుకుంటాయి. మమ్మల్ని తల్లి ఒడిలోంచి తెంపుతారు, అమ్ముకుంటారు, సూదులు గుచ్చి దారాలతో గొంతు బిగించి సిగలో ముడుచుకుంటారు, వాడినాక చీపురుతో ఊడ్చేస్తారు అని. చిన్నప్పుడు విని నేనూ ఏడ్చినాను. ఇప్పుడు వింటే ఒక చిన్న అనుమానం వస్తుంది. ఇక్కడ కొయ్యడానికి వచ్చింది ఎవరు? కవి, మగవాడు. దయలేనివాళ్లని పూలు ఎవరినంటున్నాయి? ఆడవాళ్లను. కోసే చెయ్యికి పశ్చాత్తాపం, కుట్టే చెయ్యికి నింద! పశ్చాత్తాపపడిన కవి చివరికి ఉత్తచేతులతో దేవుడి ముందు నిలబడి గొప్పవాడవుతాడు. నింద మోసిన ఆడవాళ్లకు ఒక్క పద్యం కూడా మాట్లాడే వీలు లేదు. పువ్వుకు గొంతు ఇచ్చిన కరుణ, పూలు కట్టే ఆమెకు ఇవ్వలేకపోయింది. మా చిన్నమ్మ వేళ్లకు సూదిపోట్లు లేని రోజు లేదు. దారం ఒరిసి చూపుడువేలు మీద గీత పడిపోయింది. ఆమె విలాపం ఏదైనా ఉంటే ఘంటసాల పాడలేదు.

పూలకు వెనక ఉన్న చేతులు చిన్నమ్మవి మాత్రమే కాదు. తెల్లారకముందే, మొగ్గ విచ్చుకోకముందే మల్లెతోటలో ఉండాలి. వంగి కొయ్యాలి. కనకాంబరం ఇంకా కష్టం. బరువుండదు. కిలో తూగాలంటే వేల పూలు గిల్లాలి. మా జిల్లాలో చామంతి తోటల్లో అయినా, మల్లెతోటల్లో అయినా ఈ పని ఆడకూలీలదే. కోసిన పూలు ప్రొద్దుటూరు బజారుకు వచ్చినాక మూరలుగా మారతాయి. మూర అంటే అమ్మే మనిషి మోచేయి నుంచి వేలి కొస దాకా. గజం, మీటరు వచ్చినా పూలకు ఇంకా ఆడమనిషి చెయ్యే కొలత. ఆ చెయ్యి పొట్టిదైతే కొనేవాళ్లు గొణుగుతారు. ఆమె ఇంకొక నాలుగు పూలు కలిపి ఇస్తుంది.

దీపాల సంగతి చూడండి. సీరియల్ సెట్లు రాకముందు పెళ్లి మెరవణికి పెట్రోమాక్స్ లైట్లు. వాటిని నెత్తిన పెట్టుకుని ఊరంతా నడిచేది దళితవాడ ఆడవాళ్లు. గ్యాసు మంట వేడి, ఆ బుస్సుమనే చప్పుడు చెవి పక్కనే. వెలుతురు పెళ్లికూతురు మీద పడాలి కాబట్టి వాళ్లు వరసకు ఒక పక్కగా నడవాలి. లైటు నెత్తిన ఉంటే కింద మనిషి ముఖం నీడలోనే ఉంటుంది. మా ఇంట్లో 1970ల నాటి పెళ్లి ఫోటో ఒకటుంది. దాంట్లో లైట్లు కనపడతాయి, లైట్ల కింద ముఖాలు కనపడవు. 2003లో గోగు శ్యామల 'నల్లపొద్దు' తెచ్చినప్పుడు ఆ పేరు విని నాకు మొదట ఈ ఫోటోనే గుర్తొచ్చింది. మా చిన్నమ్మకు పూలజడ వసారా దాటదు. ఆ లైట్లు మోసినామెకు అసలు వసారాలోకే రాని నియమం. రెండూ ఒకటేనని చెప్పే ధైర్యం నాకు లేదు. మా చిన్నమ్మ కుట్టిన జడను ఆ ఇంటి పెళ్లికూతురైనా పెట్టుకుంది. లైటు మోసినామె బిడ్డ పెళ్లికి మా వీధి గుండా మెరవణి పోనిచ్చినారా అని నేను మా పెదనాన్నను ఎప్పుడూ అడగలేదు.

విధవకు పూలు లేకపోవడం మీద తెలుగు సాహిత్యం మొదటి నుంచీ మాట్లాడుతూనే ఉంది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినాడు. ఆ సాహసాన్ని తక్కువ చెయ్యలేం. కానీ ఆ సంస్కరణ చెప్పిన దారి ఏమిటి? పూలు తిరిగి కావాలంటే ఇంకొక భర్త కావాలి. పువ్వుకు హక్కు ఆడదానిది కాదు, ఐదోతనానిది. గురజాడ 'కన్యాశుల్కం'లో బుచ్చమ్మను, మధురవాణిని పక్కపక్కన నిలబెట్టి చూస్తే అలంకారం మన సమాజంలో ఎట్లా పంపకమయిందో తెలుస్తుంది. విధవకు బొత్తిగా లేదు, వేశ్యకు అదే బతుకుతెరువు. సంసారికి భర్త బతికినన్నాళ్లు అద్దెకిస్తారు. గురజాడ బుచ్చమ్మకు వెంటనే మొగుణ్ని వెతకలేదు, పూనా వితంతు గృహానికి, చదువు వైపుకు పంపినాడు. ఆ పంపడంలో వీరేశలింగం కన్నా ఒక అడుగు ముందున్నాడని నాకనిపిస్తుంది. అక్కడ ఆమె తలలో పువ్వు పెట్టుకుందా అన్నది మాత్రం నాటకంలో ఎవరికీ పట్టలేదు.

2022 మే నెలలో మహారాష్ట్ర కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామసభ ఒక తీర్మానం చేసింది. భర్త పోయిన స్త్రీ గాజులు పగలగొట్టడం, కుంకుమ తుడవడం, మంగళసూత్రం తెంచడం ఆ ఊళ్లో ఇక కుదరదని. ఆ రాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయతీలకు కూడా అదే దారి పట్టమని చెప్పింది. ఆ వార్త చదివి చిన్నమ్మకు ఫోన్ చేసి చెప్పినాను. "మంచిదేలే" అని, "ఇప్పుడు నాకు పెట్టుకుంటే దురద పుడతాది" అని నవ్వింది. ఆ నవ్వును ఏ సిద్ధాంతంలో పెట్టాలో నాకు తెలియలేదు.

ఈ నియమాన్ని తలకిందులు చేసిన అమ్మాయి కథ ఒకటి మనకు ఉంది. కృష్ణదేవరాయల 'ఆముక్తమాల్యద'. పేరులోనే ఉంది, తాను ముడిచి ఇచ్చిన మాల. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు దేవుడి కోసం కట్టిన దండను గోద ముందుగా తాను వేసుకుని, నీడ చూసుకుని, మళ్లీ బుట్టలో పెడుతుంది. మైల పడిన దండ అని తండ్రి గుండె పగులుతుంది. దేవుడికేమో ఆ దండే కావాలి. ధనుర్మాసంలో ఆమె పేరు తలుచుకోని వైష్ణవ ఇల్లు లేదు. సాహిత్య విమర్శ ఈ కథను భక్తి అంది, శృంగారం అంది. నాకు మాత్రం దీంట్లో పని కనిపిస్తుంది. కట్టిన దండ ఎట్లుందో వేసుకుని చూడకుండా ఎట్లా తెలుస్తుంది? దర్జీ కుట్టిన రవికెను విదిలించి చూసినట్టు, వంటామె ఉప్పు నాలుకకు తగిలించుకున్నట్టు. పని చేసే మనిషికి ఉండే హక్కు అది. గోద ఆ హక్కు తీసుకుంది. దానికి అనుమతి దొరకడానికి సాక్షాత్తు దేవుడే దిగి రావాల్సి వచ్చింది. చివరికి ఆమె ఆయనలో కలిసిపోయి కనపడకుండా పోయింది. మామూలు ఆడమనిషి, మామూలు పెళ్లిలో, తాను కుట్టిన జడ తన తలకు ఆనించి చూసుకుంటే ఏమవుతుందో రాయలు రాయలేదు.

మా జిల్లా వాళ్లం ఇంకొక రెండు పేర్లు చెప్పుకోవాలి. తాళ్లపాక తిమ్మక్క తొలి తెలుగు కవయిత్రిగా చరిత్రల్లో కనపడుతుంది. ఆమె రాసింది 'సుభద్రా కల్యాణం', అంటే పెళ్లి కథే, ఆడవాళ్లు పాడుకునే మంజరీ ద్విపదలో. మన మొదటి కవయిత్రి కావ్యానికి వస్తువు పెళ్లయితే దాన్ని చిన్నచూపు చూడాల్సిన పని లేదు. ఆడవాళ్లు నలుగురు కూడి పాడుకోవడానికి, చేతిపని చూపించుకోవడానికి ఆ కాలంలో దొరికిన చోటు పెళ్లిల్లే. తిమ్మక్క ఆ చోటులోనే నిలబడి రాసింది. రెండో పేరు మొల్ల. ఆమె చెప్పుకున్న గోపవరం బద్వేలు దగ్గరిదేనని మా వైపు నమ్మకం. కుమ్మరింటి ఆడబిడ్డ రామాయణం రాసింది. మొల్ల అంటే మల్లెజాతి పువ్వు. ఆడపిల్లకు పువ్వు పేరు పెట్టడం అలంకారంగా చూడటమేనని ఒకప్పుడు నేనే ఒక సభలో అన్నాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. ఆ పువ్వు రామాయణం మీద సంతకమయింది.

సంతకం లేకుండా పోయేది పెళ్లిపందిట్లో. ఒకప్పుడు పందిరి అలంకరణ అంటే కొబ్బరాకులు అల్లడం, మామిడాకు తోరణాలు, అరటిచెట్లు కట్టడం, మైదాపిండి ఉడకేసి రంగుకాగితాల జెండాలు అతికించడం. ఆకులు తెచ్చి కట్టడం మగవాళ్లు, తతిమ్మా చేతిపనంతా ఆడవాళ్లు. దానికి డబ్బు లేదు, పేరూ లేదు, పెట్టిన రవికెగుడ్డ తప్ప. ఇప్పుడదే పని డెకరేషన్ అయింది. స్టేజీ ప్యాకేజీ, గేటు ప్యాకేజీ, ఓణీల ఫంక్షన్ ప్యాకేజీ. డబ్బు వచ్చేసరికి పని మగవాళ్ల చేతికి పోయింది. ఆడవాళ్ల చాకిరీకి విలువ కట్టాలని మేం అడిగినాం. విలువ కట్టినారు, ఆడవాళ్లను తప్పించి కట్టినారు. వంట విషయంలో హోటళ్లు వచ్చినప్పుడు జరిగిందే ఇది. అప్పుడూ మనం ఆలస్యంగానే గమనించినాం. డెకరేషన్ కుర్రాళ్ల మీద నాకు కోపం లేదు. నిచ్చెన మీద రాత్రంతా నిలబడిన ఆ పిల్లలకూ ముట్టేది రోజుకూలే. కానీ పూలజడ ఒక్కటి ఇంకా చిన్నమ్మ చేతిలోనే ఎందుకు మిగిలిందో తెలుసా? ప్యాకేజీలో దానికి విడిగా డబ్బు అడిగినారు. మా పెదనాన్న కోడలు "మన ఇంట్లోనే చేసేవాళ్లుండగా దండగెందుకు" అంది.

నేనేం చెయ్యగలిగేదాన్ని అని చాలాసార్లు అనుకున్నాను. చెయ్యి పట్టుకుని ఆమెను గదిలోకి తీసుకుపోయి ఉండొచ్చు. పెళ్లికూతురి తల్లి ముఖం ఎట్లా మారేదో నాకు తెలుసు. చిన్నమ్మ ముఖం ఎట్లా మారేదో మాత్రం తెలియదు. ఆమెకు ఇష్టమా అని అడగకుండా నా సిద్ధాంతం కోసం ఆమెను ముందుకు నెట్టడం కూడా ఒక పెత్తనమే కదా. అట్లని అడిగినానా? అడగలేదు. నా మౌనానికి ఇంత మంచి కారణం తర్వాత దొరికింది. ఆ క్షణంలో కారణం ఏమీ లేదు. జడ చేతిలో పడింది, కాళ్లు నడిచినాయి.

మొన్న దసరాకు పోయినప్పుడు పెళ్లి ఆల్బం వచ్చింది. ప్రొద్దుటూరు దసరా చూడటానికి చుట్టాలందరూ దిగి ఉన్నారు. రాత్రి అమ్మవారి ఊరేగింపుల లైట్లు చూసి వచ్చి, పొద్దున ఆల్బం ముందర కూర్చున్నారు. బరువైన పుస్తకం, పెట్టెలో పెట్టి ఇచ్చినారు. దాంట్లో ఒక పేజీ నిండా పూలజడే. వెనకనుంచి తీసిన ఫోటో, పెళ్లికూతురు ముఖం లేదు, మెడ నుంచి నడుము దాకా మల్లెలు, కనకాంబరం గీత, మరువం అంచు. కింద మూలన బంగారురంగు అక్షరాలతో స్టూడియో పేరు.

చిన్నమ్మ కళ్లద్దాలు తెచ్చుకుని ఆ పేజీ దగ్గర చాలాసేపు వంగి చూసింది. పొగుడుతుందేమోనని నేను ఎదురు చూసినాను. ఆమె వేలితో ఒకచోట తట్టి, "ఇది చూడమ్మీ, మూడో వరసలో మొగ్గ తిరగబడింది. ఆ యాల కరెంటు పోయింది, కనపళ్లా" అంది. తర్వాత పేజీ తిప్పలేదు. మొదటి వరస నుంచి మళ్లీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది.